చిన్నమ్మ చెప్పంగ నేను రాయని కాగితం

నేను బడికి పోయింది మూడో తరగతి దాకనే. మిగిలిన చదువంత పొట్లాల కాగితాల మీద నేర్చుకున్న. కిరాణ దుకాణంల బెల్లం కట్టిచ్చిన పేపరు ముక్కను చీమలు దులిపి, చివరి అక్షరం దాక చదివేటోణ్ని. గట్ల చదివి చదివి, ముప్పై ఏండ్లు జనగామ తహసీలు ఆఫీసు గోడ పక్కన మడత బల్ల ఏసుకొని ఊర్లోళ్లకు అర్జీలు రాసిన. పింఛను ఆగిందని ఒకరు, పాసుబుక్కుల పేరు తప్పు పడ్డదని ఒకరు, పక్కోడు గట్టు జరిపిండని ఒకరు వచ్చేటోళ్లు. కచేరి భాష నాకు తెలుసని పది ఊర్లల్ల పేరు. ఆ పేరును నేను గూడ నమ్మిన. గందుకే మా చెల్లె కొంప మునిగింది. ఈ సంగతి ఇంతవరకు ఎక్కడ రాయలే. ఇప్పుడిప్పుడే నాకూ మనుషుల పేర్లు జారిపోతున్నయ్. అన్నీ జారకముందే రాస్తున్న.

చెల్లె అంటే తోడబుట్టింది కాదు. మా అమ్మకు ఆఖరి చెల్లె అయిన మా చిన్నమ్మ సాదుకున్న బిడ్డ. చిన్నమ్మది జఫర్‌గఢ్ పక్క ఊరు. పెండ్లైన ఆరేండ్లకే మొగడు పోయిండు. కడుపు పండలే. ఒక ఏడాది మిరపకాయలు ఏరెటందుకు కొత్తగూడ అడవి దిక్కు నుంచి కూలోళ్లు దిగిన్రు. వాళ్లల్ల ఒక ఆడమనిషి జరం వచ్చి చిన్నమ్మ కొట్టంలనే పానం ఇడిసింది. ఆమె పిల్లకు నాలుగేండ్లుంటయ్. మిగిలినోళ్లు పని ముగించుకొని, వాళ్ల నాయినకు చెప్పి తోలిస్తమని పోయిన్రు. ఎవరూ రాలే. పిల్ల చిన్నమ్మ చెంగు పట్టుకొని పెరిగింది.

దత్తత రాసుకున్నదా అంటే, లేదు. మా దిక్కు సాదుకునుడు అంటే బువ్వ పెట్టుడు, తల దువ్వుడు, జరమొస్తె పక్కన కూసునుడు, ఈడొస్తె పెండ్లి చేసుడు. కాగితం రాసుకొని బిడ్డను సాదుకున్నోళ్లను నేను నా జన్మల చూడలే. అడిగితె తిట్టుకింద లెక్క. చిన్నమ్మ ఆ పిల్లకు పెండ్లి గూడ చేసింది. అల్లుడు ఇంకో ఆమెను తెచ్చుకుంటె బిడ్డ మళ్ల తల్లి ఇంటికే వచ్చింది. ఇంగ ఎటూ పోలే.

చిన్నమ్మ పేరు మీద ఒక పెంకుటిల్లు, ఊరవతల రెండెకరాల చెల్క ఉండె. రెండూ మొగనికెల్లి వచ్చినయే. ఆమె ఏం రాయకుండ కన్ను మూస్తె, అవి ఆయన అన్న కొడుక్కు పోతయ్. అతను భూపాలపల్లిల బొగ్గు బాయి కొలువు చేసేటోడు. చెడ్డోడేం కాదు. ఏడాదికి ఒక్కసారి వచ్చి, మిఠాయి డబ్బ పెట్టి, కాళ్లు మొక్కి పోయేటోడు. గని చెల్లెకు ఆ ఇల్లు తప్ప తల దాచుకునే జాగ భూమ్మీద లేదు. ఈ ముచ్చటంత గా ఇంటి గురించే.

చిన్నమ్మకు డెబ్బై దాటినంక తల తప్పుడు షురువైంది. ఊరోళ్లు పెద్దతనం అన్నరు, చాదస్తం అన్నరు. పూడ్చి ఇరవై ఏండ్లయిన బాయికి కడవ పట్టుకొని పోయింది ఒకనాడు. ఇంకోనాడు, కూలోళ్లు ఇంకా చెల్కల నుంచి రాలేదని, పొద్దుగూకంగ గడప మీద కూసోని లెవ్వనన్నది. ఆ కూలోళ్లల్ల సగం మంది చచ్చిపోయిన్రు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊరూరా నడుస్తున్న రోజులు అవి. పిల్లలు జెండాలు పట్టుకొని వాకిట్లకెల్లి పోతుంటె, పెండ్లి ఊరేగింపు అనుకొని పసుపునీళ్లు కలుపుమన్నది.

మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటం. ఆడ మతిమరుపుకు చూసే డాక్టరు వారానికొకనాడు కూసుంటడని ఎవరో చెప్తె, నేను, చెల్లె కలిసి ఆమెను తోలుకపోయినం. అప్పుడు జనగామైనా మానుకోటైనా భూపాలపల్లైనా ఒక్క జిల్లానే. డాక్టరు చిన్నోడు, మర్యాద తెలిసినోడు. గని అడిగిన ప్రశ్నలు ఇంటె నా ఒళ్లు మండింది. ఇది ఏ సంవత్సరం, ముఖ్యమంత్రి ఎవరు అని అడిగిండు. నిండు మతి ఉన్నప్పుడు గూడ చిన్నమ్మకు అవి తెల్వయ్. ఏ కార్తె ఏ వారం వస్తదో చెప్పుమంటె చెప్తుండె. వందకెల్లి ఏడు తీసెయ్యి అన్నడు డాక్టరు. చిన్నమ్మ నా దిక్కు తిరిగింది.

"వంద ఎవరియి కొడుకా?" అని అడిగింది.

డాక్టరు నవ్విండు. చెల్లె గూడ నవ్వింది. నేను మాత్రం నవ్వలే. ఎవరి సొమ్ములకెల్లి తీస్తున్నమో అడగకుండ ఏడు తీసేటోడు తెలివిగల్లోడు, అడిగినామె మతి లేనిదా అని డాక్టరు మీదికి పోయిన. ఆయన ఓపికతోని విన్నడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, కొన్నాళ్లు పొద్దుటి పూట మంచిగనే ఉంటదని, సంతకాలు గింతకాలు చేయించేటియి ఉంటె జర తొందరగ కానిమ్మని చెప్పిండు.

నాకు తెలుసనుకున్న. మతి వచ్చి పోయేటి మనిషి, మతి ఉన్న గడియల చేసింది చెల్లుతదని నేను చదివి ఉంటి. అది నిజమే. గని ఒక పుస్తకంల సగం పేజీ చినిగిపోతె మిగిలిన సగమే పుస్తకం అనుకునే రకం నేను. సొంతంగ చదువుకున్నోళ్ల రోగం ఇది. తప్పు చెప్తె దిద్దే పంతులు మాకు ఉండడు.

డాక్టరు కాడికి పోయొచ్చిన పది రోజులకు నేను చిన్నమ్మ ఇంటికి పోయిన. పొద్దున్నే. ఆమె వాకిట్ల కూసోని చింతపండు గింజలు తీస్తున్నది. నన్ను చూడంగనే పేరు పెట్టి పిలిచింది. నా భార్య మోకాళ్ల నొప్పి ఎట్లున్నదని అడిగింది. ఎదురింటి దర్జీ సాబ్ అప్పుడే ఆమె రవిక కుట్టి తెచ్చి, బేరం లేకుండ ఇచ్చిన రవిక ఇదొక్కటే అని పరాచకం ఆడుతున్నడు. పక్క చెల్క రైతు మందు కొట్టే పంపు కోసం వచ్చి నిలబడ్డడు. చెల్లె ఇంటి పక్కన తను సాదుకునే కోళ్లకు నూకలు చల్లుతున్నది. చిన్నమ్మ చేతులు తుడుచుకొని మా ముగ్గురి దిక్కు చూసింది.

"కొడుకా, నా తల ఆగమైతున్నదని నాకెర్కే. ఇయ్యాల మంచిగున్న. ఈ ఇల్లు, ఆ రెండెకరాలు నా బిడ్డయి. రాయి. వీళ్లిద్దరు ఇన్నరు."

ఆమె నోట్లె ఒక్క మాట తడబడలే. నా సంచిల దస్త తెల్లకాగితాలున్నయ్. పెన్ను జేబులనే ఉన్నది. నేను నవ్విన.

తెల్లకాగితం గాలికి పోతదని చెప్పిన. స్టాంపు కాగితం కావాలె, ఆఫీసుకు పోవాలె, ఫోటో దిగాలె, అధికారి ముంగట ఏలిముద్ర ఎయ్యాలె, అప్పుడే పక్కా అయితదని, బల్ల కాడ కూసున్నట్టే చెప్పిన. దర్జీ సాబ్‌కు నచ్చలే.

"రాసి పెట్టరాదు భాయ్. కాగితం ఏమన్న బువ్వ అడుగుతదా?"

నువ్వు గుండీలు కుట్టుకో, దస్తావేజులు నేను చూసుకుంట అన్న. రైతు నవ్విండు. చిన్నమ్మ నవ్వలే. నీకు తెలుసు గదా బిడ్డా, నువ్వెట్లంటె గట్ల అన్నది. మళ్ల చింతపండు ముంగటేసుకున్నది.

నేను ఎందుకట్ల చేసిన్నో చెప్పాలె. మా నాయిన ఎకరంన్నర కొన్నడు ఒకప్పుడు. మా దిక్కు పేదోళ్లంత కొన్నట్టే, తెల్లకాగితం మీద రాసుకొని కొన్నడు. సాదా బైనామా అంటం. ఊరి పెద్దలు సంతకాలు పెట్టిన్రు, కల్లు తాగిన్రు, దున్నుకో అన్నరు. నలభై ఏండ్లు దున్నినం. పట్టా చేయించుకుందమని ఆ కాగితం పట్టుకొని ఆఫీసుకు పోతె, ఆనాటి అధికారి, ఆంధ్ర దిక్కు నుంచి వచ్చినాయన, రెండు వేళ్లతోని చిత్తుకాగితం తీసినట్టు తీసి ఇవతల పడేసిండు. మీ భాషే సగం అర్థం కాదు, ఈ కాగితం ఏం అర్థమవుతుందయ్యా అన్నడు. ఆఫీసంత నవ్విన్రు. మా నాయిన గూడ నవ్విండు, ఏం చెయ్యాల్నో తెల్వక. ఆ నవ్వు నాకు మంట. తెల్లకాగితాన్ని జన్మల నమ్మనని ఆనాడే ఒట్టు పెట్టుకున్న. అమ్మకం కాగితం వేరు, వీలునామా వేరు అని ఆ మంటల నాకు కనపడలే. అడగాలని గూడ అనిపించలే. అడిగితె నా పేరు ఏంగావాలె?

స్టాంపు కాగితం తెచ్చిన. ఒక మంచి రోజు చూసి పోదమనుకున్న. అంతలనే సమ్మె వచ్చింది.

సమ్మె తప్పని నేను ఇయ్యాల్టికీ అనను. బస్సులు ఆగినయ్, బడులు ఆగినయ్, కచేరీలు మూతబడ్డయ్. రిజిస్ట్రీ ఆఫీసు ముంగట డేరా ఏస్తె, మొదటి వరుసల కూసున్నోళ్లల్ల నేనొకణ్ని. గేటుకు గొలుసు సుట్టంగ ఒక కొస నేనే పట్టుకున్న. ఒక ముసలాయన కొడుకుతోని వచ్చి, ప్లాటు కాగితం ఒక్కటి కావాలె, నా ఆపరేషన్ ఉన్నది అని బతిమిలాడితె, రాష్ట్రం కంటె నీ ప్లాటు ఎక్కువనా అని పది మందిల అడిగిన. చప్పట్లు కొట్టిన్రు. ఆయన తల దించుకొని పోయిండు. అదే వారంల చెల్లె ఫోన్ చేసింది. అన్నా, అమ్మ ఇయ్యాల మంచిగున్నది, నీ పేరు తీసింది అన్నది. ఆఫీసు బంద్ ఉన్నది బిడ్డా, ఆగు అన్న. ఇంకో నాలుగొద్దులకు మళ్ల చేసింది. మళ్ల ఆగుమన్న. ఆ తర్వాత చెయ్యలే. ఆఫీసు తెరిచేసరికి నెల మీద పది రోజులు దాటినయ్.

తెరిచినంక, స్టాంపు కాగితం మీద వీలునామా రాసుకొని ముగ్గురం పోయినం. ఆటోల దారి పొడుగు చిన్నమ్మకు చెప్పిన. నీ పేరు అడుగుతరు, ఊరు అడుగుతరు, ఏం ఇస్తున్నవు, ఎవరికి ఇస్తున్నవు అని అడుగుతరు అని. బడి పిల్లకు చెప్పినట్టు మళ్ల మళ్ల చెప్పించిన. ఊరి పేరు చెప్పింది, తన పేరు చెప్పింది. సరిపోతదనుకున్న.

ఈ అధికారి మనోడే. డేరాల నా ఎనుక వరుసల కూసున్నోడు. నా మొఖం గుర్తుపట్టి కుర్చీ ఏయించిండు. గని కాగితం చదివి, ఆమె మొఖం చూసి, మమ్ముల ఇద్దరిని జర బయట నిలబడుమన్నడు. తలుపు మూయలే. మాకు అన్నీ ఇనపడ్డయ్. పేరు అడిగితె చెప్పింది. ఊరు చెప్పింది. తర్వాత ఆయన గడప బయట నిలబడ్డ చెల్లెను చూపించి, ఆమె ఎవరవ్వా అని అడిగిండు.

చిన్నమ్మ తల తిప్పి చెల్లెను చూసింది.

"కూలి పిల్ల. తల్లి జరంతోని పండుకున్నది. పొద్దుగూకితె వాళ్లోళ్లు తోలుకపోతరు. జర బువ్వ పెట్టున్రి."

చెల్లె గోడకు ఒరిగింది. ఏడ్వలే.

అధికారి మమ్ముల లోపలికి పిలిచిండు. నేను కొట్లాటకు దిగిన. పొద్దుటి పూట వచ్చి చూడున్రి అన్న, డాక్టరు చెప్పిండన్న, మన రాష్ట్రం కోసం కూసున్నం గదా అన్న. ఆయన అన్నీ ఇన్నడు. తాను ఈ కాగితం చేస్తె రేపు కోర్టుల మొదలు చెల్లెనే దొంగ అంటరని చెప్పిండు. ఆయన మాట నిజం. గదే నాకు మింగుడు పడలే. నా కోపానికి ఆ బల్ల అవతల ఒక చెడ్డోడు కావాలె, ఉన్నోడేమో మంచోడు. మేము లేవంగ, మెల్లగ అన్నడు.

"ఈమెకు మతి ఉన్నప్పుడు తెల్లకాగితం మీద రాయించి, ఇద్దరు సాక్షులతోని సంతకాలు పెట్టించుకుంటె అయిపోయేది గదా పెద్దాయనా. వీలునామాకు స్టాంపూ అక్కర్లేదు, ఈ ఆఫీసూ అక్కర్లేదు."

నేను అర్జీలు రాసే మనిషినని ఆయనకు తెల్వది. తెల్వకపోవుడే మంచిదైంది.

వచ్చేటప్పుడు ఆటోల చిన్నమ్మ మా నడుమ కూసోని నిద్ర పోయింది. ఊరు వచ్చేదాక చెల్లె రోడ్డు దిక్కే చూసింది. దిగేముంగట అడిగింది.

"ఆనాడు పొద్దున నీ కాడ పెన్ను లేకుండెనా అన్నా?"

"ఉండె," అన్న.

ఇంగ ఆ మాట మళ్ల ఎన్నడూ ఎత్తలే. ఎత్తి తిడితె నాకు బాగుండు.

ఆ తర్వాత నేను చేసిన పని గూడ రాయాలె. వారం రోజులు నిద్ర పట్టక తిరిగి, నాకు నేనే ఒక న్యాయం చెప్పుకున్న. ఆమె చెప్పింది నిజం. ఇన్నోళ్లు ఉన్నరు. అయితె ఆనాటి తారీఖు ఏసి ఇప్పుడు రాస్తె తప్పేంది? ఇంట్ల కూసోని, నా చేతి రాతల అంత మంచి రాత ఎన్నడూ లేదు, వీలునామా రాసిన. పూర్తి తెలివితోని, ఎవరి బలవంతం లేకుండ అని రాసిన. ఆ ముక్క రాసేటప్పుడు చెయ్యి ఆగింది. అయినా రాసిన. పట్టుకొని ఊరికి పోయిన.

రైతు సరే అన్నడు. దర్జీ సాబ్ మిషన్ ఆపి, అద్దాలు పెట్టుకొని, కాగితం రెండుసార్లు చదివిండు.

"ఆమె చెప్పింది నేను విన్న. ఎవరు అడిగినా చెప్త, కురాన్ మీద చెయ్యేసి చెప్త. గని ఆమె ఏలు పెట్టంగ చూసిన అని ఎట్ల చెప్పాలె భాయ్? చూడలే గదా. నువ్వే చూడనియ్యకపోతివి."

నీ నిజాన్ని కత్తిరించి జేబు రుమాళ్లు కుట్టుకో అన్న. ఇంకా చాన అన్న, అవి రాయను. ఆయన మళ్ల మిషన్ తొక్కుడు షురూ చేసిండు. ఎదురింట్లకు పోయిన. చిన్నమ్మ మంచం మీద ఉన్నది. చెల్లె ఆమెకు గంజి తాపుతున్నది. సిరా డబ్బ తీసి మంచం మీద పెట్టిన. చిన్నమ్మ నన్ను చూసి ఎవరో కచేరి మనిషి అనుకొని, లెవ్వబోయి, దండం పెట్టింది. నన్ను నాలుగేండ్ల పోరణ్ని చంకనెత్తుకొని జాతర తిప్పినామె. సిరా డబ్బ మూత పెట్టి జేబుల ఏసుకున్న. కాగితం ఇంటికి తెచ్చి పొయ్యిల పెట్టిన.

రాష్ట్రం రాకముందే చిన్నమ్మ పోయింది. ఆఖరి రోజులల్ల చెల్లెను ఒకసారి అమ్మా అన్నది, ఒకసారి పిల్లా అన్నది. పేరు మాత్రం పెట్టి పిలవలే. రాష్ట్రం వచ్చినంక మన సర్కారు తెల్లకాగితాల మీద కొన్న భూములకు అర్జీలు తీసుకున్నది. నా బల్ల ముంగట జనం బారులు కట్టిన్రు, నేనే రాసిన. అది ఆనందమే. గని ఆ కాగితాలు ముట్టినప్పుడల్లా నేను రాయనిది ఒకటి మతిలకొస్తుండె.

చిన్నమ్మ దినాలు అయిపోయిన వారానికి భూపాలపల్లి నుంచి ఆమె మొగని అన్న కొడుకు వచ్చిండు. వెంట ఊరి రెవెన్యూ మనిషి ఉన్నడు, వారసుడు ఎవరని పంచనామా రాసెటందుకు. అరుగు మీద చాప పరిచింది చెల్లె. అందరికి చాయ పోసింది. నేను ఆయనను పక్కకు తీస్కపోయి, తమ్మీ, చెల్లె ఉన్నన్నాళ్లు ఇల్లన్న ఉంచు అన్న. ఆయన తల దించుకున్నడు. నాకూ పిల్లలున్నరన్నా, కొలువు ఇంకో నాలుగేండ్లకు అయిపోతది, చట్టం ఇచ్చిన దాన్ని ఎందుకిడుస్త అన్నడు. పత్తి ఏరినంక ఖాళీ చేస్తె చాలు, అందాక ఏమనను అన్నడు.

రెవెన్యూ మనిషి రాసుకుంట రాసుకుంట, మృతురాలికి సంతానం ఉన్నదా అని అడిగిండు.

"ఉన్నది," అన్న నేను.

తల ఎత్తి చూసిండు. దత్తత కాగితమా, వీలునామానా, ఏమున్నదో చూపెట్టుమన్నడు. అప్పుడు ఎవరూ పిలువకుండనే దర్జీ సాబ్ ఎదురింట్లకెల్లి వచ్చి నిలబడ్డడు. ఆనాడు పొద్దున చిన్నమ్మ ఏమన్నదో, ఒక్క ముక్క ఎక్కువ తక్కువ లేకుండ చెప్పిండు. రైతు గూడ అవునన్నడు. రెవెన్యూ మనిషి ఆగి, మర్యాదగనే ఇన్నడు. నోటిమాట రాసెటందుకు ఈ కాగితంల జాగ లేదు చాచా అన్నడు. సంతానం అన్న కాడ, నిస్సంతు అని రాసిండు. ఆ మాట రాసేటప్పుడు చెల్లె ఆయన గ్లాసు తీసుకుంటున్నది.

నేను సంతకం పెట్టనన్న. ఫరవాలేదు పెద్దాయనా, ముగ్గురుంటె చాలు అన్నడు. ఊర్లె ముగ్గురు దొరికిన్రు.

అంత అయినంక చెల్లె నా కాడికి వచ్చింది. ఆ కాగితంల ఏమేం రాసిన్రో చదివి చెప్పుమన్నది. చదివి చెప్పిన. ఇల్లు, రెండెకరాల చెల్క, కొట్టం, బోరు. ఆమె అన్నీ ఇన్నది.

"కోళ్లు నావేనా అన్నా? అవి గూడ ఇంటి కిందికి వస్తయా?"

భూపాలపల్లాయన చెప్పుల కాలు పెట్టుకుంట ఆగిండు. కోళ్లతోని నాకేం పని అక్కా, నీవే అన్నడు. చెల్లె ఆయన దిక్కు చూడలే.

"రాయి," అన్నది నాతోని.

అరుగు మీద కూసోని, తెల్లకాగితం తీసి రాసిన. ఆమె సాదిన కోళ్లు ఆమెవే అని, ఇంటితోని గాని చెల్కతోని గాని వాటికి సంబంధం లేదని రాసిన. దర్జీ సాబ్ ఒక దిక్కు, రైతు ఒక దిక్కు సాక్షి సంతకాలు పెట్టిన్రు. భూపాలపల్లాయన పెన్ను అడిగి తీసుకొని, కింద తన పేరు రాసిండు. చెల్లె సిరా ఆరేదాక కాగితాన్ని రెండు చేతులల్ల పట్టుకొని నిలబడ్డది. తర్వాత నాలుగు మడతలు పెట్టి రవికెల పెట్టుకొని, గ్లాసులు కడగ పోయింది.